కుర్చీలను మందలించే పెద్దమేడం

మా పాఠశాల పెద్దమేడం తన ఉద్యోగ జీవితంలో ఒక్క మనిషిని కూడా మందలించలేదు. తప్పు ఎవరు చేసినా ఆమె మందలించేది సామాన్లనే. టీచరు ఆలస్యంగా వస్తే గోడగడియారానికి చీవాట్లు పడేవి. ఇద్దరు మాస్టార్లు పోట్లాడుకుంటే వాళ్ల మధ్యనున్న బల్లకు బదిలీ అయ్యేది. బాధ్యత మనిషిలో ఉంటుందా, పరిస్థితుల్లో ఉంటుందా అన్న ప్రశ్న దగ్గర తత్వవేత్తలు కొన్ని శతాబ్దాలుగా ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటున్నారు. మా పెద్దమేడం ఆ చిక్కుముడిని ఎప్పుడో విప్పేశారు. బాధ్యత కుర్చీలో ఉంటుంది.

నేను ఆమె కింద ఉపప్రధానోపాధ్యాయుణ్ణి. సిబ్బంది క్రమశిక్షణ నా శాఖ. సిబ్బందిని దారిలో పెట్టడానికి భయం, హేతువు అని రెండే మార్గాలున్నాయని నేను చదివిన గ్రంథాలన్నీ ఏకకంఠంతో చెప్పాయి. మూడో మార్గం బీరువా మీదుగా పోతుందని వాటిలో ఒక్కటీ చెప్పలేదు. ఎవరినైనా మెచ్చుకోవడానికి నేను సహజంగానే తొందరపడను. పెద్దమేడం విషయంలో తొందరపడవలసిన అవసరం చాలాకాలం కనిపించలేదు కూడా. ఒక బీరువాను 'దురుసు ప్రవర్తన' కారణంగా వరండాకు బదిలీ చేస్తూ ఉత్తర్వు రాసి సంతకం పెట్టినవాడికి పై అధికారి మీద గౌరవం ఏ మేరకు మిగులుతుందో చదువరులే ఊహించుకోవచ్చు.

గడియారం సంగతి ముందు చెబుతాను. మా ఇంగ్లీషు టీచరుకు బడి ఎప్పుడూ కొంచెం ముందుగానే మొదలయ్యేది. ఒకరోజు బస్సు, ఒకరోజు వాన, ఒకరోజు అత్తగారు. ఒక ఉదయం ఆమె మెల్లగా స్టాఫ్‌రూంలోకి అడుగుపెట్టేసరికి, అందరి ఎదుటా పెద్దమేడం గోడగడియారం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏమ్మా, నీకసలు బుద్ధుందా? టీచరుగారు ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. నువ్వప్పుడే గంట కొట్టేశావు. ఏం కొంప మునిగిందని అంత తొందర?"

గడియారం టిక్కుటిక్కుమంది.

"చూశారా, ఎదురు సమాధానం! బాబాయ్, దీన్ని గోడవైపు తిప్పి నిలబెట్టు."

బాబాయ్ మా బంట్రోతు. పిల్లలకూ, మాకూ, పెద్దమేడంకూ, సొంత భార్యకు తప్ప అందరికీ ఆయన బాబాయే.

"నిలబెట్టడం కుదరదమ్మా. మేకుకి వేలాడాల్సిందే."

"అయితే వేలాడుతూ సిగ్గుపడమను."

ఆ రోజునుంచి గడియారం గోడకు ముఖం, మాకు వీపు చూపిస్తూ వేలాడింది. పీరియడ్ ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. భోజనవేళను కడుపును బట్టి నిర్ణయించేవాళ్లం. చరిత్ర మాస్టారి కడుపు అందరికంటే ముందు నడుస్తుందన్న సత్యం అప్పుడే బయటపడింది. ఎవరూ ఇంగ్లీషు టీచరును ఒక్క మాటా అనలేదు. అందరూ గడియారం వీపు వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూసి, నిట్టూర్చేవారు. చివరికి ఒక ఉదయం ఆమె అందరికంటే ముందే వచ్చి పెద్దమేడం గది ముందు నిలబడింది.

"మేడం, పాపం దాన్ని వదిలేయండి. ఇకమీదట దానివల్ల ఏ గొడవా రాదు. నేను పూచీ."

గడియారానికి మనిషి జామీను ఇవ్వడం నేను మొదటిసారి చూశాను.

గ్రంథపాలకుడిది ఇంకో తీరు. ఆయన దృష్టిలో పుస్తకానికి మొదటి శత్రువు చెదపురుగు కాదు, పాఠకుడు. అందుకని గ్రంథాలయానికి ఎప్పుడూ తాళం వేసి ఉంచేవాడు. నేను మర్యాదగా చెప్పి చూశాను, కటువుగా చెప్పి చూశాను. పెద్దమేడం వెళ్లి ఆ తాళాన్ని అరచేతిలోకి తీసుకుని జాలిగా చూశారు.

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచి ఇదొక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు కదండీ. ముఖం చూడండి, ఎలా పీక్కుపోయిందో!"

"మేడం, అది ఇనుము" అన్నాడు గ్రంథపాలకుడు.

"ఇనుమైతే మాత్రం? మీకు చేతులెలా వచ్చాయండీ, దాన్నిలా రాత్రింబగళ్లు పని చేయించడానికి!"

తాళానికి సెలవు మంజూరైంది. ఆ సెలవు పొడిగింపు మీద పొడిగింపుగా సాగింది. కారణం అడిగితే, "ఇంకా తేరుకోలేదు" అనేవారు. గ్రంథాలయం తలుపులు తెరిచే ఉండిపోయాయి. గ్రంథపాలకుడు అప్పుడప్పుడూ నూనెబుడ్డి పట్టుకుని పెద్దమేడం గదికి వచ్చి, తాళాన్ని పరామర్శించి, రెండు చుక్కలు వేసి, దిగులుగా వెళ్లిపోయేవాడు.

ఇలాంటి సంస్థలో ససేమిరా మాస్టారు ఉండేవారు. గణితం చెప్పేవారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏం అడిగినా ఒకటే మాట కనక అదే పేరైంది. ఉదయం ప్రార్థనకు వేదిక మీదికి రమ్మంటే ససేమిరా. మేడమీది హాలులో పరీక్షల కాపలాకు వెళ్లమంటే ససేమిరా. డాబా మీద సిబ్బంది అందరూ కలిసి ఫొటో దిగుదామంటే ససేమిరా. "పైన టీ పెట్టాం, వేడివేడిగా ఉంది, రండి మాస్టారూ" అన్నా ససేమిరానే. పైగా ఆయనకొక సిద్ధాంతం ఉంది. ఏ వీడ్కోలు సభ జరిగినా దాన్ని ప్రకటించకుండా ఉండేవారు కాదు. "కూర్చుని లెక్క చెప్పేవాడు మాస్టారు కాదు, గుమాస్తా!" అనేవారు. ఆ మాటకు డ్రాయింగు మాస్టారు ప్రతిసారీ కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్లీ కూర్చునేవాడు.

"మాస్టారూ, పదో తరగతి పిల్లలు పైన ఎదురు చూస్తున్నారండీ" అనేవాణ్ణి నేను.

"చూడనివ్వండి. ఎదురు చూస్తే ఓర్పు వస్తుంది."

"మరి పాఠమో?"

"కిందికి పంపండి, చెప్తా."

"కింద గది ఖాళీ లేదు కదా."

"అయితే ససేమిరా."

కింద గది లేకపోలేదు. పాఠశాల కమిటీ గది ఉంది. పొడవాటి బల్ల, మెత్తటి కుర్చీలు, నీలం తెరలు. సమావేశాలప్పుడు తప్ప తాళం తీసేవారు కాదు. మిగిలిన రోజుల్లో కమిటీ అధ్యక్షుడి గౌరవం అందులో ఒంటరిగా కాపురం ఉండేది.

ఏ కారణమూ లేకుండా కాదనగలగడమే మనిషి స్వేచ్ఛకు తుది రుజువని ఒక వాదం ఉంది. ఆ రుజువు ససేమిరా మాస్టారి రూపంలో కాళ్లూ చేతులూ ధరించి మా బడిలో తిరుగుతోందని నేను నిశ్చయించుకున్నాను. ఇలాంటి సంకల్పం ముందు హేతువు పనిచేయదు. భయం అసలే పనిచేయదు, ఎందుకంటే ఆయనకంటే నేనే ఎక్కువ భయపడేవాణ్ణి.

పెద్దమేడం మాత్రం ఒకరోజు బాబాయ్ నెత్తిన ఒక కుర్చీ పెట్టించుకుని కింద జరుగుతున్న తొమ్మిదో తరగతి గణితం పాఠంలోకి వెళ్లారు. నేను కిటికీ దగ్గర ఆగాను.

"మాస్టారూ, ఈ కుర్చీ చెడిపోయింది."

"విరిగిందా?"

"కాదు, నడవడిక చెడింది. స్టాఫ్‌రూంలో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటోంది. నాలుగు కాళ్లున్నాయని పొగరు. మీ దగ్గరైతే కాస్త భయంగా ఉంటుందని తెచ్చాను."

"నేను కూర్చోను మేడం. ససేమిరా."

"మిమ్మల్ని కూర్చోమని ఎవరన్నారండీ? అది పారిపోకుండా పట్టుకోండి చాలు. ఎలా పట్టుకుంటారో మీ ఇష్టం."

ఆమె వెళ్లిపోయారు. మాస్టారు కాసేపు కుర్చీ వీపును ఒక చేత్తో పట్టుకుని లెక్క చెప్పారు. తర్వాత రెండు చేతులతో పట్టుకున్నారు. కొంతసేపటికి ఆ కుర్చీ మరీ అనుమానాస్పదంగా కనిపించింది కాబోలు, చుట్టుతిరిగి వచ్చి తన బరువంతా దానిమీద మోపారు.

"పిల్లలూ, నేను కూర్చోలేదు. దీన్ని అదుపులో పెడుతున్నాను."

"తెలుసు సార్!" అంది తరగతి మొత్తం.

ఆ తర్వాత వరండాలో ఉన్న పొడవు బల్లకు మూడింది. పుకార్లు మోస్తోందన్న అభియోగం మీద దాన్ని మేడమెట్ల సగంలో, మలుపు దగ్గరున్న చదును జాగాకు బదిలీ చేశారు.

"ఇది పుకార్లు మోసిందో లేదో గానీ అమ్మా, దీన్ని మోసేది మాత్రం నేనే" అన్నాడు బాబాయ్ వగరుస్తూ.

"నువ్వు మోయడం ఉద్యోగం బాబాయ్. అది మోయడం దురలవాటు."

విచిత్రంగా ఆ బల్ల బదిలీ అయ్యాక ససేమిరా మాస్టారు పదో తరగతికి వెళ్లడం మొదలుపెట్టారు. పాఠం సగం అయ్యాక చేరేవారు, అయినా చేరేవారు. నా కటువైన మాటలు పనిచేశాయని నేను సంతోషించాను. ఆ సంతోషం వానలు మొదలయ్యేదాకా నిలిచింది. ముసురు పట్టిన రోజునుంచి ఆయన మొదటి మెట్టు దగ్గర ఆగిపోయి, పైకి ఒకసారి చూసి, "ససేమిరా" అని వెనక్కి తిరిగిపోయేవారు. పైన పిల్లలకు ఓర్పు బాగా పెరిగింది, లెక్కలు రాలేదు.

సంగతి కమిటీ అధ్యక్షుడి చెవిన పడింది. ఆయన కలప వ్యాపారి. భారీ మనిషి, నవ్వినా కోప్పడినా కిటికీ అద్దాలు కలిసి కదిలేవి.

"ఆ లెక్కల మాస్టార్ని సాగనంపండి! శనివారం తీర్మానం పెడతాను. లెక్కలు చెప్పని లెక్కల మాస్టారు మనకెందుకూ?"

ఆ వాదనలో దోషం వెతికాను. దొరకలేదు. తీర్మానం నేనే రాసి జేబులో పెట్టుకున్నాను. అయినా మనసుకు హాయిగా లేదు. ఆయనకు గణితం తప్ప మరో లోకం లేదు. బడి వదిలాక వెనకబడ్డ పిల్లల్ని వరండాలో పోగేసి, ఎవరూ అడక్కుండానే చీకటిపడేదాకా లెక్కలు చెప్పేవారు. కొలువు పోతే ఆయన ఇంట్లో గోడలకు భిన్నాలు నేర్పుకోవలసి వచ్చేది.

పెద్దమేడం దగ్గరికి వెళ్లాను.

"మేడం, ఇది ఒక మనిషి కొలువు సంగతి. ఈసారైనా కుర్చీలూ బల్లలూ వదిలేసి, ఆయన్నే పిలిచి ఎందుకిలా చేస్తున్నారో అడగండి."

"అడిగితే ఏమంటారు?"

"ససేమిరా అంటారు."

"మరి ఆ మాట కోసం ఆయన్ని అంతదూరం నడిపించడమెందుకు? నాకు అసలు నిందితులు దొరికారు లెండి."

"ఎవరు?"

"మెట్లు."

నేను చదివిన గ్రంథాలన్నీ ఆ క్షణంలో మూకుమ్మడిగా నన్ను వదిలి వెళ్లిపోయాయి.

శనివారం అధ్యక్షుడు వచ్చేసరికి సిబ్బంది అంతా మేడమెట్ల ముందు కుర్చీలు వేసుకుని కూర్చుని ఉన్నారు. ససేమిరా మాస్టారు ఒక్కరే గోడకు ఆనుకుని నిలబడ్డారు. మెట్ల మొదట్లో బాబాయ్ రెండు పూలకుండీలు అడ్డం పెట్టాడు.

"ఈ కుండీలేంటి?" అన్నారు అధ్యక్షుడు.

"నిందితులు పారిపోకుండానండీ" అన్నాడు బాబాయ్.

"పదో తరగతికి గణితం జరక్కపోవడానికి కారణం ఈ మెట్లేనండీ. విచారణ పెట్టాను" అన్నారు పెద్దమేడం.

"మెట్లా? మేడంగారూ, మెట్లేం చేస్తాయండీ!"

"నా బాధ కూడా అదే. ఏమీ చేయవు. మనిషిని పైకి చేర్చడం వాటి ఉద్యోగం. చేర్చట్లేదు."

"వేళాకోళంగా ఉందా? ఈ మెట్లు నేను కట్టించినవి! మొదటి మెట్టు మీద నా పేరు చెక్కి ఉంది, చూసుకోండి!"

"చూశానండీ. అందుకే ఇన్నాళ్లూ చూసీచూడనట్టు ఊరుకున్నాను. పలుకుబడి ఉన్న మెట్లు కదా."

అధ్యక్షుడి ముఖం కందిపోయింది. "ఏమన్నారూ? మా బావమరిది దగ్గరుండి కట్టించాడు వీటిని. ఒక్క మెట్టుకి మచ్చ లేదు! నిక్షేపంలాంటి మెట్లు! వీటిని పట్టుకుని పనిచేయవంటారా?"

తర్కశాస్త్రంతో కాస్త పరిచయం ఉన్నవాణ్ణి కనక, ఆయన ఓడిపోయారని నాకు అప్పుడే అర్థమైంది. మెట్లకు శీలం లేదని వాదించవలసినవాడు, వాటి శీలం మంచిదని వాదిస్తున్నాడు.

"అయితే మీరే నిరూపించండి. ఒక్కసారి ఎక్కి చూపించండి" అన్నారు పెద్దమేడం.

"ఒక్కసారేంటి, పొద్దుగూకేదాకా ఎక్కుతా! తియ్యవయ్యా కుండీలు!"

ఆ మెట్ల గురించి ఒక ముక్క చెప్పాలి. బావమరిది గారు ఖర్చు కలిసివస్తుందని మెట్ల సంఖ్య తగ్గించి ఎత్తు పెంచారు. ఆ ఎత్తు కూడా ఏ మెట్టుకామెట్టు సొంత అభిప్రాయం ప్రకారం ఉండేది. మొదటి మెట్లు అధ్యక్షుడు హుందాగా ఎక్కారు. తర్వాతవి కమ్మీ పట్టుకుని ఎక్కారు. ఆపైన మాకు మనిషి కనిపించలేదు. కొలిమితిత్తిలాంటి ఊపిరి ఒక్కటే వినిపించింది. మలుపు దగ్గర ధబ్బుమని చప్పుడైంది. బాబాయ్, నేను పరిగెత్తాం. అధ్యక్షుడు పుకార్ల బల్లను రెండు చేతులా కావలించుకుని కూలబడి ఉన్నారు.

"ఈ... బల్ల... ఇక్కడ ఎవరు పెట్టారు?"

"శిక్ష వేసి నిలబెట్టానండీ" అన్నారు కిందనుంచి పెద్దమేడం.

"శిక్ష... రద్దు చేయండి. ఇది బల్ల కాదు... కన్నతల్లి."

"అలాగేనండీ. ఇంకా సగం మెట్లున్నాయి. కానివ్వండి."

అధ్యక్షుడు తలెత్తి పై మెట్ల వైపు చూశారు. పెదవులు తడుపుకున్నారు.

"ససేమిరా!" అన్నారు.

కింద గోడకు ఆనుకున్న ససేమిరా మాస్టారు, తన ఆస్తిని ఇంకొకరు వాడుకున్నంత ఆశ్చర్యంతో తల పైకెత్తారు.

"తప్పు మా బావమరిదిదే! వెధవ, వాణ్ణీ..."

"మనుషుల ఊసు ఎందుకండీ? మన విచారణ మెట్ల వరకే" అని పెద్దమేడం అక్కడే ఆపేశారు.

"అయితే మెట్లదే! సస్పెండ్ చేసి పారేయండి!"

"చేస్తే పదో తరగతి కిందికి రావాలి. కింద ఖాళీగా ఉన్నది మీ కమిటీ గది ఒక్కటే."

"ఇచ్చేయండి! బల్లా తెరలూ అన్నీ ఇచ్చేయండి! ముందు నన్ను దింపండి!"

దింపాం. "కుర్చీలే నయం" అని బాబాయ్ నా చెవిలో గొణిగాడు. నేల మీద కాలు ఆనాక అధ్యక్షుడికి నా జేబు గుర్తొచ్చింది.

"ఆ తీర్మానం చించేయండి మాస్టారూ. ఈ మెట్లు ఎక్కనన్నవాడు పొగరుబోతెలా అవుతాడు? బుద్ధిమంతుడు!"

చించేశాను. అప్పుడు యథాలాపంగా బుద్ధిమంతుడి వైపు చూశాను. ఆయన కుడికాలు మునివేళ్ల మీద మాత్రమే నేలకు ఆని ఉంది. ఎవరూ చూడట్లేదనుకుని మోకాలు మెల్లగా రుద్దుకుంటున్నారు. ప్రార్థన వేదిక, పరీక్షల హాలు, డాబా మీద ఫొటో, పై గదిలో టీ: ఆయన కాదన్న ప్రతిదానికీ మెట్లున్నాయి. కూర్చోవడం ఒక్కటి మినహాయిస్తే, మెట్లు లేని పనిని దేన్నీ ఆయన కాదనలేదు. మానవ సంకల్పం మీద నేను కట్టుకున్న సిద్ధాంతమంతా ఒక కుడి మోకాలి మీద కూలింది.

అందరూ వెళ్లాక పెద్దమేడం గదికి వెళ్లాను.

"మీకెప్పటినుంచి తెలుసు మేడం?"

"ఏం తెలుసు? నాకేం తెలీదు. మీకూ తెలీదు." కాగితాల్లోంచి తలెత్తలేదు ఆమె. "కూర్చుని చెప్పేవాడు గుమాస్తా అని సభల్లో అన్న మనిషండీ. నొప్పి సంగతి మనకు తెలిసిందని తెలిస్తే రేపు బడికి రాగలరా?"

"అందుకని మెట్లను నిలదీస్తారా?"

"మెట్లను తిడితే అవి ఇంటికెళ్లి అన్నం మానేయవు కదా మాస్టారూ."

సోమవారం నీలం తెరల గదిలో పదో తరగతికి గణితం మొదలైంది. నడవడిక చెడిన కుర్చీ కూడా అక్కడికే బదిలీ అయింది. దాన్ని అదుపులో పెట్టే బాధ్యత మాస్టారు మానలేదు. కమిటీ సమావేశాలు మేడమీదికి మారాయి. అధ్యక్షుడు మలుపులో కన్నతల్లి ఒడిలో కూర్చుని సంతకాలు పెట్టి దిగిపోయేవారు. అంతకుముందు ఎన్నడూ మా కమిటీ అంత క్లుప్తంగా పనిచేయలేదు.

పదో తరగతి కిందికి వచ్చిన వారంలోనే ఒక సాయంత్రం, ఒక కాలు వదులైందని బాబాయ్ ఆ కుర్చీని తెచ్చి పెద్దమేడం గదిలో పెట్టాడు. కాసేపటికి ససేమిరా మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు. ఆమె వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. గొంతు సవరించుకుని కుర్చీతో అన్నారు:

"చూడూ... నువ్వు చెడ్డదానివి కావు. నువ్వు నాకు చేసింది నేను మర్చిపోను. అంతే."

గిరుక్కున తిరిగి, వీలైనంత గంభీరంగా కుంటుకుంటూ వెళ్లిపోయారు.

"విన్నావా?" అన్నారు పెద్దమేడం కుర్చీతో, రాస్తున్న కలం ఆపకుండా. "మరీ పొంగిపోకు. పొద్దున్నే డ్యూటీ ఉంది."

కాసేపటికి ఆమె గేటు గంట కొట్టించడానికి బయటికి వెళ్లారు. గదిలో నేనూ, ఆమె బల్లా మిగిలాం. మనుషుల్ని మెచ్చుకోవడం నాకు మొదటినుంచీ చేతకాని విద్య. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. వంగి, బల్ల అంచు మీద చిన్నగా తట్టి, "పర్వాలేదు, బాగానే నడుపుతున్నావు" అన్నాను.

వెనకనుంచి, గుమ్మంలోంచి, పెద్దమేడం గొంతు వినిపించింది.

"దాన్ని మరీ ముద్దు చేయకండి మాస్టారూ. చెడిపోతుంది."